ఉమ్మడి దినదర్శిని

ఉద్దేశం

తేదీని తెలుసుకోవడం ఒక అవసరం. ఆ తేదీని పదిమందికీ ఒకే విధంగా తెలియజేయడం అంతకంటె పెద్ద బాధ్యత. ఈనాడు కళాశాలలు, కుటుంబాలు, సంఘాలు అంతర్జాలంలో ఒకే దినదర్శినిని అనేకులు కలిసి దిద్దుకొనే పద్ధతిని అనుసరిస్తున్నాయి. అది ఎలా పనిచేస్తుందో, అందులో ఎవరికి ఏ హక్కు ఉండాలో, ఆ హక్కును ఏ విధంగా వినియోగించాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం వ్యాసప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, సహేతుకంగా, ఉదాహరణపూర్వకంగా వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. శాస్త్ర సాంకేతిక విషయాలను సులభమైన తెలుగులో చెప్పడం ఈ వ్యాస లక్షణం. కాలగణనం, గ్రామలెక్కలు, ప్రాచీన గ్రంథాల పాఠపరిష్కరణం మొదలైన వాటితో పోలుస్తూ ఆధునిక సాధనాన్ని పరిచయం చేయడం ఇందులోని విశేషం.

పాఠం

తెలుగువారి ఇంట గోడకు వేలాడే క్యాలెండర్ కేవలం తేదీలు చూపే కాగితం కాదు. పాలు పోయని రోజులు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పిల్లల పరీక్షలు, బంధువుల పెళ్లి ముహూర్తాలు, చీటీ డబ్బు కట్టవలసిన గడువు అన్నీ దాని గళ్లలో చోటు చేసుకొంటాయి. ఇల్లాలు ఒక గుర్తు పెడుతుంది. ఇంటి పెద్ద ఒక అంకె వేస్తాడు. పిల్లవాడు పెన్సిలుతో మరొకటి రాస్తాడు. ఇది ఇంటిల్లిపాదీ కలిసి దిద్దే దినదర్శిని. దీనికి ఎవరూ నియమాలు రాయలేదు. అయినా తగవు రాదు. అందుకు మూడు కారణాలు ఉన్నాయి. ఎవరు రాశారో చేతిరాతే చెబుతుంది. కొట్టివేసినా పాత అక్షరం అడుగున కనబడుతూనే ఉంటుంది. ఆ గోడ దగ్గరకు రాగలిగినవారు ఆ ఇంటివారే.

అదే దినదర్శిని అంతర్జాలంలోకి చేరినప్పుడు ఈ మూడు రక్షణలూ ఒక్కసారిగా తొలగిపోతాయి. తెర మీద అందరి అక్షరాలూ ఒకే తీరుగా ఉంటాయి. చెరిపిన మాట జాడ లేకుండా పోతుంది. ఊరి పొలిమేర దాటి, దేశం దాటి ఎవరైనా ఆ గోడ దగ్గరకు రాగలరు. సహజంగా ఉన్న రక్షణలు పోయినచోట వాటిని నియమాల ద్వారా తిరిగి ఏర్పరచుకోవలసి ఉంటుంది. ఉమ్మడి దినదర్శినికి సంబంధించిన చర్చ అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

కాలాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న కొత్తది కాదు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలతో కూడినది కాబట్టి మన కాలదర్శినికి పంచాంగం అన్న పేరు ఏర్పడింది. దానిని గణించేవాడు సిద్ధాంతి. వినేవారు ప్రజలు. అయితే దృగ్గణితాన్ని అనుసరించే సిద్ధాంతులకూ, పూర్వపద్ధతిని అనుసరించే సిద్ధాంతులకూ మధ్య తిథుల ఘడియలు తేడా వస్తాయి. అందువల్ల ఒకే పండుగను ఒక ఊరివారు ఒకనాడు, పొరుగూరివారు మరునాడు జరుపుకోవడం తెలుగునాట పరిపాటి. దేశమంతటా వాడుకలో ఉన్న దాదాపు 30 పంచాంగ పద్ధతులను పరిశీలించడానికి 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఏర్పడింది. ఆ సంఘం సిఫార్సుల మేరకు శకసంవత్సరంపై ఆధారపడిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22 నుండి అమలులోకి వచ్చింది. అనేకులు దిద్దిన కాలగణనాన్ని ఒక్కటిగా నిలపడానికి ఒక దేశమే పూనుకోవలసి వచ్చిందన్నమాట.

దిద్దే హక్కును దుర్వినియోగం చేస్తే ఏమవుతుందో ప్రాచీన రోము చరిత్ర తెలియజేస్తుంది. అక్కడి పాత సంవత్సరానికి 355 రోజులు మాత్రమే ఉండేవి. ఋతువులతో పొత్తు కుదరడానికి అప్పుడప్పుడు ఒక అధికమాసాన్ని చేర్చవలసి వచ్చేది. దానిని చేర్చాలో వద్దో నిర్ణయించే హక్కు మతాధికారుల మండలిది. ఆ మండలి సభ్యులు తమకు కావలసినవారు పదవిలో ఉన్నప్పుడు సంవత్సరాన్ని పొడిగించారనీ, కానివారు ఉన్నప్పుడు కుదించారనీ నాటి రచనలు చెబుతున్నాయి. చివరకు లెక్క ఎంతగా చెడిపోయిందంటే, జూలియస్ సీజర్ సంస్కరణకు పూనుకొన్నప్పుడు క్రీస్తు పూర్వం 46వ సంవత్సరాన్ని 445 రోజులకు పొడిగించి సరిచేయవలసి వచ్చింది. క్యాలెండర్ అన్న మాట పుట్టుక కూడా గమనింపదగినది. లాటిన్ భాషలో ఆ మాటకు మూలరూపం వడ్డీవ్యాపారి లెక్కల పుస్తకాన్ని సూచించేది. నెల మొదటి రోజున అప్పుల వడ్డీ చెల్లించవలసి ఉండడమే అందుకు కారణం. క్యాలెండర్‌లో గీత జరిగితే ఎవరి సొమ్మో జరుగుతుందన్న ఎరుక ఆ పదంలోనే ఉన్నది.

మన గ్రామాల్లో ఈ నమ్మకాన్ని మోసినవాడు కరణం. తెలంగాణలో పట్వారీ. పంచాంగంలోని కరణానికీ, గ్రామకరణానికీ పేరు ఒక్కటే కావడం యాదృచ్ఛికం కావచ్చు. ఒకటి రోజు లెక్కకు అంగం, మరొకటి భూమి లెక్కకు ఆధారం. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో కరణం చేతిరాత మీద ఆధారపడి ఉండేది. కలం ఒక్కరి చేతిలోనే ఉండడం వల్ల లెక్క గజిబిజి కాలేదు. కాని అదే కారణం వల్ల ఆ ఒక్కరి ఇష్టాయిష్టాలకు ఊరంతా లోబడవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు 1984లో రద్దయ్యాయి. కలం ఒక్కరి చేతిలో ఉంటే పక్షపాతానికి వీలు. అందరి చేతిలో ఉంటే అయోమయానికి వీలు. ఈ రెండింటి నడుమ దారి వెతకడమే ఉమ్మడి సవరణ విధానం చేసే పని.

ఒకే రాతను దూరాన ఉన్న ఇద్దరు ఒకేసారి చూస్తూ దిద్దవచ్చునని లోకానికి మొదట ప్రదర్శించి చూపినవారిలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ముఖ్యుడు. ఆయన 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సభికుల ఎదుట కంప్యూటర్ తెరపై పనిచేస్తూ, అక్కడికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని మెన్లోపార్కులో ఉన్న సహచరునితో కలిసి ఒకే పత్రాన్ని నడిపించాడు. తరువాత ముప్పయి ఏళ్లకు, 1998 నవంబర్‌లో, వేర్వేరు సంస్థల దినదర్శినులు పరస్పరం అర్థం చేసుకోవడానికి వీలైన ఐక్యాలెండర్ అనే ప్రమాణరూపం వెలువడింది. గూగుల్ క్యాలెండర్ 2006 ఏప్రిల్ 13న ప్రజల ముందుకు వచ్చింది. సర్వర్‌లో ఉన్న దినదర్శినిని వేర్వేరు సాధనాల నుండి చదవడానికీ దిద్దడానికీ తగిన క్యాల్‌డావ్ అనే విధానం 2007 మార్చిలో ప్రమాణంగా ప్రకటితమైంది.

ఈ దినదర్శినులలో హక్కులు మెట్లు మెట్లుగా ఉంటాయి. గూగుల్ క్యాలెండర్‌ను ఉదాహరణగా తీసుకొంటే ప్రధానంగా నాలుగు మెట్లు కనిపిస్తాయి. మొదటి మెట్టు మీద ఉన్నవారికి యజమాని ఏ వేళ తీరికగా ఉన్నదీ లేనిదీ మాత్రమే తెలుస్తుంది. పని ఏమిటో తెలియదు. రెండవ మెట్టు మీద ఉన్నవారు వివరాలన్నీ చదవగలరు, అక్షరం మార్చలేరు. మూడవ మెట్టు మీద ఉన్నవారు కార్యక్రమాలను చేర్చగలరు, మార్చగలరు, తొలగించగలరు. నాలుగవ మెట్టు మీద ఉన్నవారు వీటితోపాటు మరొకరికి హక్కు ఇవ్వగలరు, ఇచ్చిన హక్కును తీసివేయగలరు. మూడవ మెట్టు కలం వంటిది. నాలుగవ మెట్టు రాజముద్ర వంటిది. కలం పలువురికి ఇవ్వవచ్చును గాని ముద్ర ఇద్దరికి మించి ఇవ్వడం మంచిది కాదు. అలాగని ఒక్కరి వద్దనే ఉంచడమూ క్షేమం కాదు. ఆ ఒక్కరు బదిలీ అయినా, జబ్బుపడినా, వారి ఖాతా మూతపడినా దినదర్శిని అనాథ అవుతుంది.

హక్కులను ఇంత వివరంగా పంచే వీలున్నా, చాలాచోట్ల జరిగేది వేరు. ఒకే ఖాతా తెరచి దాని పాస్‌వర్డ్‌ను పదిమందికీ చెప్పేస్తారు. ఇది ఇంటి తాళంచెవిని గుమ్మం మీద వేలాడదీయడం వంటిది. అప్పుడు ఎవరు రాసినా ఒకే పేరుతో రాసినట్టే అవుతుంది. తప్పు జరిగినప్పుడు బాధ్యుడు దొరకడు. తప్పు చేయనివారి మీద కూడా అనుమానం వాలుతుంది. ఎవరి ఖాతా నుండి వారికి హక్కు ఇవ్వడం వల్ల, అవసరం తీరినవెంటనే ఒక్కరి హక్కును మాత్రమే తొలగించవచ్చు. ఈ సౌలభ్యం ఉమ్మడి పాస్‌వర్డ్‌కు లేదు.

ఇక రెండు చేతులు ఒకేసారి దిద్దినప్పుడు వచ్చే చిక్కును పరిశీలించాలి. ఒక కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగపరీక్ష 10వ తేదీన ఉన్నదనుకొందాం. ఆ శాఖాధిపతి దానిని 12వ తేదీకి మార్చదలచి ఆ నమోదును తెరిచాడు. అదే నిమిషంలో కార్యాలయ ఉద్యోగి గది నంబరు మార్చడానికి దానినే తెరిచాడు. ఇద్దరి ఎదుటా ఉన్నది పాత రూపమే. శాఖాధిపతి ముందు భద్రపరచాడు. ఉద్యోగి తరువాత భద్రపరచాడు. ఉద్యోగి పంపిన రూపంలో గది కొత్తది, తేదీ పాతది. ఆ రూపం మొత్తంగా వచ్చి కూర్చుంటే శాఖాధిపతి చేసిన మార్పు ఎవరికీ తెలియకుండా అంతరించిపోతుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. అయినా తప్పు జరిగింది.

ప్రాచీన గ్రంథాలను పరిష్కరించే పండితులకు ఈ చిక్కు చిరపరిచితం. ఒకే కావ్యానికి ఇద్దరు లేఖకులు రెండు ప్రతులు రాసుకొంటారు. ఒకడు ఒక పద్యంలో సవరణ చేస్తాడు. రెండవవాడు మరొక చోట మార్పు చేస్తాడు. మూడవవాడు ఒక ప్రతినే చూసి నకలు తీస్తే రెండవ ప్రతిలోని సవరణ మరుగున పడిపోతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక గ్రంథానికి దొరికిన పలు తాళపత్ర ప్రతులను ఎదురెదురుగా ఉంచి పోల్చి, శుద్ధప్రతులు తయారుచేయించడానికి కారణం ఇదే. మూలప్రతి ఏదో, దాని తరువాతి ప్రతి ఏదో తెలిస్తే తప్ప సవరణకు విలువ ఉండదు.

క్యాల్‌డావ్ విధానంలో ఇందుకు ఒక ఉపాయం ఉన్నది. నమోదును చదవడానికి ఇచ్చేటప్పుడు సర్వర్ దానితోపాటు ఒక గుర్తుముద్రను కూడా పంపుతుంది. నమోదు మారిన ప్రతిసారీ ఆ ముద్ర మారుతుంది. దిద్దినవారు మార్పును తిరిగి పంపేటప్పుడు తాము చదివిన రూపానికి చెందిన ముద్రను జతచేస్తారు. ఈలోగా మరొకరు దిద్ది ఉంటే ముద్రలు కలియవు. అప్పుడు సర్వర్ ఆ మార్పును నిరాకరిస్తుంది. కొత్త రూపాన్ని చదివి మళ్లీ దిద్దవలసి ఉంటుంది. పై ఉదాహరణలోని ఉద్యోగికి ఆ నిరాకరణ ఎదురై ఉంటే, తేదీ మారిన సంగతి అక్కడికక్కడే తెలిసిపోయేది. ఐక్యాలెండర్ రూపంలో ప్రతి నమోదుకూ మరి దేనికీ లేని ఒక గుర్తింపు సంఖ్య, చివరిసారి మారిన వేళ, ఎన్నవ సవరణమో తెలిపే వరుస అంకె ఉండడానికి ఏర్పాటు ఉన్నది. వరుస అంకె సున్నతో మొదలై, తేదీ, వేళ వంటి ముఖ్యమైన మార్పు జరిగినప్పుడు ఒక్కొక్కటిగా పెరుగుతుంది. తాళపత్రాలను పోల్చే పండితుడు కోరుకొనే వివరాలు కూడా ఇవే.

మళ్లీ మళ్లీ వచ్చే కార్యక్రమాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రతి సోమవారం జరిగే తరగతిని ఒకే నమోదుగా రాసి, అది వారం వారం పునరావృతమయ్యేలా చేయవచ్చు. ఒక సోమవారం సెలవు వచ్చి ఆ తరగతిని తొలగించదలచినప్పుడు దినదర్శిని ఒక ప్రశ్న వేస్తుంది: ఈ ఒక్కదానినా, దీనితోపాటు దీని తరువాతివాటినా, లేక అన్నింటినీనా? ఆ ప్రశ్నను చదవకుండా చివరిదానిని ఎంచుకొంటే ఏడాది తరగతులన్నీ అందరి తెరల నుండి ఒక్క క్షణంలో మాయమవుతాయి. గూగుల్ క్యాలెండర్‌లో తొలగించిన నమోదులు దాదాపు 30 రోజుల పాటు చెత్తబుట్టలో నిలిచి ఉంటాయి. ఆ లోగా దిద్దే హక్కు ఉన్నవారు వాటిని తిరిగి తెచ్చుకోవచ్చు. గడువు దాటితే ఆ అవకాశం పోతుంది.

దూరదేశాలవారు కలిసి దిద్దేటప్పుడు కాలమండలాల సమస్య ఎదురవుతుంది. భారత ప్రామాణిక కాలం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశంపై ఆధారపడినది. అది అంతర్జాతీయ ప్రామాణిక కాలం కంటె అయిదున్నర గంటలు ముందుంటుంది. భారతదేశంలో ఏడాది పొడవునా గడియారం మారదు. అమెరికాలోని చాలా రాష్ట్రాలలో 2007 నుండి మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనుకకు జరుపుతున్నారు. న్యూజెర్సీలోని తెలుగు పిల్లలకు హైదరాబాదులో ఉన్న ఉపాధ్యాయురాలు ప్రతి శనివారం అంతర్జాలం ద్వారా తెలుగు నేర్పుతున్నదనుకొందాం. అక్కడి ఉదయం 9 గంటలు ఇక్కడ చలికాలంలో రాత్రి 7 గంటల 30 నిమిషాలు. వేసవిలో సాయంత్రం 6 గంటల 30 నిమిషాలు. నమోదును న్యూజెర్సీ కాలంలో రాస్తే మార్పు ఇక్కడివారికి కనిపిస్తుంది. భారత కాలంలో రాస్తే మార్పు అక్కడి పిల్లలకు కనిపిస్తుంది. ఏ కాలంలో రాయాలో ముందుగా అనుకోకపోతే, మార్చి వచ్చేసరికి ఉపాధ్యాయురాలు ఒక గంటకు, పిల్లలు మరొక గంటకు తెర ముందు కూర్చుంటారు. యంత్రం గణితం చేయగలదు గాని ఎవరి ఉదయాన్ని ప్రమాణంగా తీసుకోవాలో అది నిర్ణయించలేదు.

సాంకేతిక విధానం ఎంత పటిష్ఠమైనదైనా మనుష్యుల మధ్య ఒడంబడిక లేనిదే దినదర్శిని నిలువదు. ఒక కళాశాలలో పరీక్షరుసుము చెల్లింపు గడువును ఉమ్మడి దినదర్శినిలో రాశారనుకొందాం. దిద్దే హక్కు ఇరవైమందికి ఉన్నది. అందులో ఒకరు చరవాణి తెర మీద మరొక నమోదును వెతుకుతూ వేలితో జరిపినప్పుడు ఈ గడువు రెండు రోజులు ముందుకు కదిలి పడింది. తెర మీద అది ఎప్పటిలాగే పొందికగా, అధికారికంగా కనబడుతున్నది. ఊరి నుండి మొదటి బస్సుకు బయలుదేరి, తండ్రి అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బుతో కళాశాలకు చేరిన విద్యార్థికి గడువు ముగిసిపోయిందని గుమాస్తా చెబుతాడు. అపరాధరుసుము అతనికి ఒక రోజు కూలితో సమానం కావచ్చు. కొన్ని సందర్భాలలో ఒక సంవత్సరమే కావచ్చు. వేలు జరిపినవారికి తాము ఏమి చేసినదీ ఎన్నటికీ తెలియకపోవచ్చు. ఉమ్మడి దినదర్శినిలో తప్పు చేసేవారు ఒకరు, దాని ఫలితం అనుభవించేవారు మరొకరు. అందుకే సవరణహక్కును సౌకర్యంగా గాక బాధ్యతగా భావించాలి.

ఈ బాధ్యతను కొన్ని కట్టుబాట్ల రూపంలో పెట్టుకోవచ్చు. గడువులు, పరీక్షలు ఒక దినదర్శినిలోనూ, సభలు, ఆటలపోటీలు మరొక దినదర్శినిలోనూ ఉంచి, మొదటిదానిని దిద్దే హక్కు ఇద్దరు ముగ్గురికే పరిమితం చేయాలి. తక్కినవారందరికీ చదివే హక్కు చాలు. ఎవరు చేర్చిన నమోదును వారే మార్చాలి; మరొకరిది మార్చవలసి వస్తే ముందుగా వారికి తెలపాలి. రద్దయిన కార్యక్రమాన్ని వెంటనే చెరిపివేయక, పేరుకు ముందు రద్దు అని రాసి ఆ తేదీ గడిచేదాకా ఉంచాలి. అప్పుడు గోడమీది క్యాలెండర్‌లో కొట్టివేసిన అక్షరం వలె అది చూపరులకు సంగతి చెబుతుంది. మార్పుకు కారణం, మార్చినవారి పేరు, మార్చిన తేదీ వివరణలో ఒక వాక్యంగా చేర్చాలి. సంవత్సరాంతంలో హక్కులున్నవారి పట్టికను సరిచూసి, వెళ్లిపోయినవారి పేర్లు తీసివేయాలి.

అందరికీ తెలియవలసినదానికీ, కొందరికే తెలియవలసినదానికీ మధ్య గీత గీయడం మరొక ముఖ్యవిషయం. దినదర్శినిని బహిరంగం చేస్తే అందులోని వివరాలు లోకమంతటికీ తెరుచుకొంటాయి. ఒక విద్యార్థిని వైద్యపరీక్షకు వెళ్లే రోజు, ఒక కుటుంబం ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్లే వారం, చిన్నపిల్లల పుట్టినతేదీలు బహిరంగ దినదర్శినిలో ఉండదగినవి కావు. అదే విధంగా, చరవాణి లేనివారిని మరచిపోవడం కూడా తగదు. ఉమ్మడి దినదర్శిని ఉన్నదన్న ధీమాతో ప్రకటనఫలకం మీద కాగితం అంటించడం మానివేసిన రోజున ఉమ్మడి అన్న మాటకు అర్థం తగ్గిపోతుంది. ప్రతి వారం ఆ దినదర్శినిని అచ్చు తీసి ఫలకం మీద ఉంచడం కష్టమైన పని కాదు.

పదిమందిలో పాము చావదు అని సామెత. బాధ్యత ఎవరిదో తేలనప్పుడు అది నిజమే. కాని తెలుగు సాహిత్యం దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూపుతున్నది. ఆంధ్రమహాభారతాన్ని పదకొండవ శతాబ్దంలో నన్నయ ఆరంభించాడు. అరణ్యపర్వం మధ్యలో ఆగిన ఆ రచనకు పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలు చేర్చాడు. నడుమ మిగిలిన భాగాన్ని పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. అంతేకాక ఎఱ్ఱన ఆ భాగాన్ని నన్నయకు కృతిపతి అయిన రాజరాజనరేంద్రుని పేరనే నిలిపి, ముందువాని చేతిని గౌరవించాడు. భాస్కరరామాయణాన్ని నలుగురు కవులు రచించారు. ఏ కాండ ఎవరిదో ఆయా గద్యలు చెబుతున్నాయి. ఈ కవులు ఒకరి పుటను మరొకరు చెరిపివేయలేదు. తాము రాసినదాని చివర తమ పేరు చెప్పుకొన్నారు. ఖాళీగా ఉన్నచోటనే కలం పెట్టారు.

తాళపత్రం మీద అది సంస్కారం. తెర మీద అదే నియమం కావాలి. ఎవరు రాశారో తెలిసేటట్లు రాయడం, ఇతరుల రాతను అడిగి మార్చడం, మార్చినదానిని చాటి చెప్పడం అనే మూడు అలవాట్లు ఉన్నచోట ఎన్ని చేతులు కలిసినా దినదర్శిని చెడిపోదు. తొలి బస్సుకు బయలుదేరే విద్యార్థి కూడా దానిని నమ్మి గడప దాటవచ్చు.

కఠినపదాలు – అర్థాలు

దినదర్శిని : క్యాలెండర్, రోజులను చూపునది
ఇంటిల్లిపాది : ఇంటిలోని వారందరు
పొలిమేర : ఊరి సరిహద్దు
పరిపాటి : అలవాటు, మామూలు
యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది
అయోమయం : ఏమీ తోచని స్థితి
చిరపరిచితం : చాలాకాలంగా తెలిసినది
లేఖకుడు : రాసేవాడు, నకలు తీసేవాడు
శుద్ధప్రతి : తప్పులు లేకుండా సిద్ధం చేసిన ప్రతి
పునరావృతం : మళ్లీ మళ్లీ జరిగేది
ఒడంబడిక : ఒప్పందం
అపరాధరుసుము : ఆలస్యానికి చెల్లించే అదనపు సొమ్ము
కృతిపతి : కావ్యాన్ని అంకితం పొందినవాడు
గద్య : ఆశ్వాసం లేదా కాండ చివర కవి తన వివరాలు తెలుపుకొనే భాగం

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఉమ్మడి దినదర్శినిలో హక్కుల విభజన ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా వివరించండి.
2. ఇద్దరు ఒకేసారి దిద్దినప్పుడు ఏర్పడే చిక్కును, దాని పరిష్కారాన్ని తాళపత్ర గ్రంథాల పరిష్కరణతో పోల్చి రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. గోడమీది క్యాలెండర్‌కు ఉన్న సహజమైన రక్షణలు ఏవి? అవి అంతర్జాలంలో ఎలా తొలగిపోతాయి?
2. ప్రాచీన రోములో కాలగణనం చెడిపోవడానికి కారణమేమి?
3. ఒకే పాస్‌వర్డ్‌ను పదిమంది వాడడం వల్ల కలిగే నష్టాలు తెలపండి.
4. కవిత్రయం ఉదాహరణ ద్వారా వ్యాసం ఏమి చెప్పదలచినది?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. అయినా తప్పు జరిగింది.
2. మూడవ మెట్టు కలం వంటిది. నాలుగవ మెట్టు రాజముద్ర వంటిది.
3. ఖాళీగా ఉన్నచోటనే కలం పెట్టారు.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పంచాంగంలోని అయిదు అంగాలు ఏవి?
2. క్యాలెండర్ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడు ఎవరు?
3. ఐక్యాలెండర్ ప్రమాణరూపం ఏ సంవత్సరంలో వెలువడింది?
4. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం ఏది?
5. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని పూరించిన కవి ఎవరు?

V. భాషాంశాలు
అ) కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
పంచాంగం, ఇష్టాయిష్టాలు, విద్యార్థి, సంవత్సరాంతం, గ్రామాధికారి
ఆ) కింది సమాసాలకు విగ్రహవాక్యాలు, సమాసాల పేర్లు రాయండి.
రాజముద్ర, నాలుగు మెట్లు, తాళపత్రం, సవరణహక్కు

VI. ప్రాజెక్టు పని
మీ తరగతికి ఒక ఉమ్మడి దినదర్శిని ఏర్పాటు చేయదలచినట్లయితే ఎవరికి చదివే హక్కు, ఎవరికి దిద్దే హక్కు ఇస్తారో కారణాలతో ఒక పట్టిక తయారుచేయండి. చరవాణి లేని సహవిద్యార్థులకు మార్పులు ఎలా తెలియజేస్తారో దానికి చేర్చి, తరగతిలో చర్చించండి.